పాటల హక్కులు మొత్తం రాసిమ్మంటున్నారు. అమెరికా గాయని డాలీ పార్టన్ సంగతి తెలిసినవాళ్ళు చెప్పగలరా?

ముక్తేశ్వరం రేవు:

నమస్కారమండి. మాది ముక్తేశ్వరం దగ్గర లంక గ్రామం. నేను అమలాపురంలో సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తున్నాను. మా చెల్లి రామచంద్రపురంలో డిగ్రీ రెండో సంవత్సరం. రోజూ పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి కోటిపల్లి దాటి వెళ్తుంది. సొంతంగా పాటలు రాసి, బాణీ కట్టి, పాత గిటారు ఒకటి కొనుక్కుని పాడుతుంది. రెండు పాటలైతే పంటు మీదే ఫోన్లో రాసుకుంది.

తను ఇదంతా మొదలుపెట్టింది డాలీ పార్టన్ పాటలు వినే. డాలీ వాళ్ళమ్మ చిరుగుగుడ్డలు కలిపి కోటు కుట్టిన పాట ఉంది కదండి, అది విన్న రోజు చెల్లి అన్నం తినలేదు. మా అమ్మ పాత చీరలతో బొంతలు కుడుతుంది. ఆ ఇంగ్లీషు మాకు సగమే అర్థమైనా, ఆ పాట మా ఇంట్లోదే అనిపించింది.

ఇప్పుడు ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్ళు మూడు పాటలకి కలిపి 40,000 ఇస్తామన్నారు. అగ్రిమెంటు ఎనిమిది పేజీలు, అంతా ఇంగ్లీషే. శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్నవీ ముందు రాబోయేవీ అన్ని మాధ్యమాల్లో హక్కులన్నీ వాళ్ళవే అని ఉంది. రాసినవాళ్ళ పేరు "వీలునుబట్టి" వేస్తారట. సోమవారం లోపు సంతకం పెట్టాలి.

మా నాన్నది కొబ్బరి దింపు పని. నిరుడు చెట్టు మీద నుంచి జారి నడుం దెబ్బ తగిలింది, ఇంకా చెట్టెక్కలేకపోతున్నారు. 40,000 అంటే మాకు చిన్న మొత్తం కాదు. చెల్లేమో "డాలీ అంత పెద్ద గాయకుడు ఎల్విస్ ప్రెస్లీకే పాట హక్కు ఇవ్వనంది, నేను వీళ్ళకి ఇస్తానా" అంటోంది. అది నిజమేనా అండి? నిజమైతే, ఆవిడ అప్పటికే డబ్బున్న మనిషి కాబట్టి కాదనగలిగిందా? ఇంట్లో మూడు రోజులుగా ఇదే టెన్షన్.

రావులపాలెం మార్కెట్:

తమ్ముడూ, నాకు తోచింది చెప్తాను, తప్పుగా అనుకోకు. డబ్బు తీసుకోండి. పాట రాయగలిగిన పిల్ల ఇంకో పది రాస్తుంది. మీ నాన్నగారి వైద్యం రేపటికి ఆగదు. మాకు అరటి గెలలు కొట్టిన రోజు రేటు ఎంతుంటే అంతకే వేసేస్తాం, దాచుకుంటే మాగిపోతాయి. అమెరికా ఆవిడకి, మన లంకలో పిల్లకి పోలిక పెట్టడం నాకు సబబుగా అనిపించడం లేదు.

నరసాపురం కాలువగట్టు:

బాబూ, నేను నరసాపురం దగ్గర హైస్కూల్లో లెక్కల టీచర్‌గా చేసి రిటైరయ్యాను. 2018లో మా అమ్మాయి దగ్గర నాక్స్‌విల్‌లో ఐదు నెలలు ఉన్నాను. అది డాలీ పుట్టిన టెన్నెసీ రాష్ట్రమే. అక్కడికి కారులో గంటలోపే సెవియర్‌విల్ అనే ఊరు. కోర్టు ముందు ఆవిడ కంచు విగ్రహం ఉంటుంది: చెప్పుల్లేని కాళ్ళతో బండ మీద కూచుని, చేతిలో గిటారు. 1987లో పెట్టారు. రాత్రిపూట వాళ్ళ నాన్న సబ్బునీళ్ళ బకెట్టు, చీపురు పట్టుకొచ్చి ఆ విగ్రహం మీద పావురాల రెట్టలు కడిగి వెళ్ళేవాడని డాలీయే చెప్తుంటుంది. ఆ సంగతి మా అమ్మాయి చెప్పాక నేను ఆ బండ దగ్గర చాలాసేపు నుంచున్నాను. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు నీ ప్రశ్న. ఎల్విస్ సంగతి నిజమే. కానీ దాన్ని ఒక్క రోజు కథలా చూడకూడదు, అంతకు ముందు పదేళ్ళు చూడాలి.

ఆవిడ 1946 జనవరి 19న పుట్టింది, పన్నెండు మందిలో నాలుగోది. కాన్పు చేసిన డాక్టరుకి ఇవ్వడానికి డబ్బుల్లేక ఒక బస్తా మొక్కజొన్న పిండి ఇచ్చారట. తండ్రి మొదట్లో ఇంకొకరి భూమిలో పాలుకు వ్యవసాయం చేసినవాడు. ఆయనకి చదువు రాదు. తల్లి కొండల్లో తరతరాలుగా పాడుకునే పాత పాటలు పాడేది. పిల్లకి పదేళ్ళప్పుడే మేనమామ నాక్స్‌విల్ తీసుకెళ్ళి రేడియోలో, టీవీలో పాడించాడు. 1964లో హైస్కూలు పూర్తయిన మర్నాడే బస్సెక్కి, పాటల రికార్డింగులు జరిగే నాష్‌విల్ నగరానికి వెళ్ళిపోయింది. మర్నాడే! ఇంటి దగ్గర ఒక్క నెల కూడా ఆగలేదు.

అక్కడ మొదట గాయనిగా నిలబడలేదు, ఇది నీ చెల్లికి తప్పకుండా చెప్పు. ఆవిడ గొంతు పిల్లల గొంతులా ఉందని కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లెల బాణీ పాటలు, పాడనివ్వలేదు, పాప్ పాడమన్నారు. మొదట గుర్తింపు తెచ్చింది ఆవిడ రాసిన పాటలు. మేనమామతో కలిసి రాసిన పాటని 1966లో ఇంకొక గాయకుడు పాడితే అది కంట్రీ పాటల్లో మొదటి పదిలోకి వెళ్ళింది. అప్పుడే వాళ్ళకి అర్థమైంది, పాడినవాడికి వచ్చే డబ్బు వేరు, రాసినవాళ్ళకి వచ్చే డబ్బు వేరు అని. మామా మేనకోడలూ కలిసి సొంత పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకున్నారు. అప్పటికి ఆవిడ వయసు ఇరవై. డబ్బున్న మనిషి కాదు బాబూ.

పబ్లిషింగ్ అంటే ఏమిటో నాకు మా అల్లుడు చెప్తే గానీ తెలియలేదు. రికార్డు వేరు, పాట వేరు. రికార్డు కంపెనీ స్టూడియోలో తీసిన ఆ రికార్డింగు కంపెనీది. పాట, అంటే మాటలూ బాణీ, రాసినవాళ్ళది. ఆ పాటని రేపు వేరే ఎవరు పాడినా, రేడియోలో వచ్చినా, సినిమాలో వాడినా రాయల్టీ, అంటే వాడుకున్నందుకు డబ్బు, వస్తుంది. అందులో సగం రచయిత వాటా, సగం పబ్లిషర్ వాటా, అంటే పాట హక్కులు చూసుకునే కంపెనీది. డాలీ రెండూ తన దగ్గరే పెట్టుకుంది. మీ నాన్నగారికి ఒక్క మాటలో తెలుస్తుంది ఇది: కాయలు అమ్మింది, చెట్టు అమ్మలేదు. దింపుకీ దింపుకీ కాయలు వస్తూనే ఉన్నాయి.

1967 నుంచి ఏడేళ్ళు పోర్టర్ వాగనర్ అనే పెద్ద గాయకుడి టీవీ షోలో పాడింది. ఆ కోటు పాట ఆ రోజుల్లోదే. బస్సులో ఊరూరా తిరుగుతుంటే కాగితం లేక, వాగనర్ బట్టలు డ్రైక్లీనింగ్‌కి ఇచ్చిన రసీదు మీద రాసింది. మీ చెల్లి పంటు మీద ఫోన్లో రాసిందన్నావు చూడు, అది చదవగానే నాకు ఆ రసీదే గుర్తొచ్చింది. పాట 1971లో వచ్చింది.

తర్వాత వాగనర్ దగ్గర నుంచి బయటికి వస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. మాటలతో చెప్తే వినడని పాట రాసి తీసుకెళ్ళి పాడింది. "ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ" అదే. 1974లో కంట్రీ పాటల్లో మొదటి స్థానానికి వెళ్ళింది. ఎల్విస్ ఆ పాట పాడతానన్నాడు. ఆవిడ సంబరపడి అందరికీ చెప్పుకుంది. రికార్డింగుకి ముందురోజు ఎల్విస్ మేనేజర్ కర్నల్ టామ్ పార్కర్ ఫోను చేసి, పబ్లిషింగ్‌లో సగం రాసిస్తేనే ఎల్విస్ పాడతాడు అన్నాడు. ఎల్విస్ అంటే అప్పుడు మామూలు మనిషా! ఆవిడ వీల్లేదంది. ఆ పాట నా వాళ్ళకి ఇవ్వాల్సిన ఆస్తి అంది. రాత్రంతా ఏడ్చిందట. ఏడ్చింది, కానీ ఇవ్వలేదు.

1982లో ఒక సినిమా కోసం మళ్ళీ పాడితే ఆ పాట రెండోసారి మొదటి స్థానానికి వెళ్ళింది. 1992లో నల్లజాతి గాయని విట్నీ హ్యూస్టన్ పాడింది. అమెరికా పాటల ప్రధాన పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో కదలకుండా ఉంది. ఆ డబ్బుతో డాలీ నాష్‌విల్‌లో ఎక్కువగా నల్లజాతి కుటుంబాలుండే పేటలో ఒక ఆఫీసు భవనాల సముదాయం కొంది. విట్నీ పాటతో వచ్చింది కాబట్టి విట్నీ వాళ్ళ మనుషుల మధ్యే పెట్టానని చెప్పింది.

వాగనర్‌తో తెగతెంపులు సుఖంగా జరగలేదు. వాగనర్ 1979లో ముప్ఫై లక్షల డాలర్లకి దావా వేశాడు, చివరికి బయట రాజీ పడ్డారు. అయినా 2007లో, ఆయన పోయిన ఏడాదే, గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పేరున్న కంట్రీ పాటల వేదికలో ఆయన చేరి యాభై ఏళ్ళయిన వేడుకకి వెళ్ళి ఆ పాటే ఆయన ముందు పాడింది.

ఆ బండ దగ్గర నాకు గుర్తొచ్చిన మా నాన్న సంగతి ఇప్పుడు చెప్తాను. ఆయన కౌలు రైతు. నరసింహస్వామి మీద భజన పాటలు రాసేవాడు, ఇరవై రెండు పాటలు ఒక పాత లెక్కల నోట్‌బుక్కులో. 1986 గోదావరి వరదకి చేలన్నీ మునిగాయి. విత్తనాలకి డబ్బు కావలసి ఆ నోట్‌బుక్కు ఒక క్యాసెట్ల వ్యాపారికి 300 రూపాయలకి ఇచ్చేశాడు. అగ్రిమెంటు లేదు, ఏమీ లేదు. మూడేళ్ళ తర్వాత భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థంలో మైకులో ఆయన పాట వచ్చింది. క్యాసెట్టు కొని చూస్తే అట్ట మీద వేరే పేరు. నాన్న ఆ అట్టని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, జేబులో పెట్టుకుని, "బాగా పాడారు" అన్నాడు. ఆ తర్వాత పాట రాయలేదు. ఆయన పదేళ్ళు బతికాడు, ఒక్కటి కూడా రాయలేదు. పాట రాయగలిగినవాళ్ళు ఇంకో పది రాస్తారన్న మాట మా ఇంట్లో నిజం కాలేదు.

రావులపాలెం అబ్బాయి చెప్పినదాన్ని నేను కొట్టెయ్యను. విత్తనాలకి డబ్బు నిజంగానే కావలసి వచ్చింది మాకు. కానీ అమ్మడం, ఊరికే కూచోవడం, ఈ రెండు దారులే కాదు కదా. కౌలుకి ఇవ్వండి. ఇన్నేళ్ళు, ఈ పాటకి, ఇంత అని. పేరు మాత్రం "వీలునుబట్టి" అంటే ఒప్పుకోవద్దు.

కాకినాడ ప్లీడరు:

టీచరు గారు కౌలు అన్నారు, చట్టం కూడా దానికి దగ్గరగానే ఉంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో పాటల రచయితలకి, సంగీతం కట్టినవాళ్ళకి పనికొచ్చే సవరణ వచ్చింది. దాని ప్రకారం హక్కులు రాసిచ్చినా సరే, ఆ పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా తీసుకునే హక్కుని రచయిత వదులుకోవడానికి వీల్లేదు. వారసులకి గానీ, రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకి గానీ తప్ప ఇంకెవరికీ రాసివ్వకూడదు. దానికి విరుద్ధంగా అగ్రిమెంటులో ఏం రాసుకున్నా ఆ షరతు చెల్లదు.

ఇంకొన్ని చూసుకోండి. అగ్రిమెంటులో గడువు రాయకపోతే ఐదేళ్ళే అని లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. మీ దాంట్లో రెండూ రాసేశారు, శాశ్వతం, ప్రపంచం అని. కాబట్టి ఆ రెండు మాటలే ముందు కొట్టించాలి. తీసుకున్న హక్కుని ఏడాదిలోపు వాడకపోతే అది తిరిగి మీకే వస్తుంది, అగ్రిమెంటులో వేరేగా రాసుంటే తప్ప. ఆ వాక్యం మీ ఎనిమిది పేజీల్లో ఎక్కడో ఉండే ఉంటుంది, వెతకండి. రాసినవాళ్ళుగా గుర్తింపు పొందే హక్కు హక్కులు అమ్మినా పోదు, 57వ సెక్షన్ చూడండి. పాట మీద హక్కు రచయిత బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు. 40,000ని అన్నేళ్ళతో భాగించి చూడండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ గొడవ వస్తే ఎవరు ముందు రాశారన్నది తేల్చడానికి పనికొస్తుంది. మీ చెల్లి ఫోన్లో తేదీతో ఉన్న నోట్సు, మొదటి రికార్డింగు ఏవీ డిలీట్ చెయ్యొద్దు. ఐపీఆర్‌ఎస్ అని 1969 నుంచి ఉన్న, రాయల్టీ వసూలు చేసే సొసైటీ ఉంది, రచయితగా అందులో సభ్యత్వం తీసుకోవచ్చు. సంతకానికి ముందు అమలాపురంలో ఎవరైనా వకీలుకి కాగితాలు ఒకసారి చూపించండి.

ముక్తేశ్వరం రేవు:

టీచరు గారూ, మీరు రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించానండి. నాన్న మంచం మీద నుంచే "చెట్టు అమ్మొద్దురా" అన్నారు. ప్లీడరు గారూ, చాలా థాంక్సండి, ఏడాది వాక్యం ఆరో పేజీలో దొరికింది.

ఒక చిక్కు ఉందండి. మూడు పాటల్లో ఒకదానికి పల్లవి మా అమ్మమ్మ ఊడ్పులప్పుడు పాడేది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ పాడతారు. చరణాలు మాత్రం చెల్లి రాసింది. అది కూడా వాళ్ళు మొత్తం వాళ్ళదే అని రాసుకుంటున్నారు. రేపు మా ఊళ్ళో నాట్లు వేసేవాళ్ళు పాడి ఎవరైనా వీడియో పెడితే వాళ్ళ మీద ఛానల్ వాళ్ళు స్ట్రైక్ (యూట్యూబ్‌కి కాపీరైట్ ఫిర్యాదు) వేస్తారేమో అని చెల్లి భయం.

నరసాపురం కాలువగట్టు:

భయం సరైనదే. ఆ పల్లవి మీ చెల్లిది కాదు, కాబట్టి అమ్మడానికీ లేదు. అగ్రిమెంటులో "పల్లవి ఊడ్పుల జానపదం, చరణాలు మాత్రమే రచయితవి" అని స్పష్టంగా రాయించండి.

డాలీ కొండపాటల్లోనూ ఇదే ఉంది. ఆ కొండల్లో పాత పాటలు చాలావరకు స్కాట్లాండు, ఐర్లాండు, ఇంగ్లండు నుంచి వలసవచ్చిన వాళ్ళు వెంట తెచ్చుకున్నవి. బాంజో వాయిద్యం మూలాలు ఆఫ్రికావి, బానిసలుగా తెచ్చినవాళ్ళ ద్వారా అక్కడికి చేరింది. వీటన్నిటినీ కలిపి బ్లూగ్రాస్ అనే పద్ధతిగా నిలబెట్టినవాడు కెంటకీకి చెందిన బిల్ మన్రో. 1945లో ఎర్ల్ స్క్రగ్స్ అనే కుర్రవాడు మూడు వేళ్ళతో బాంజో వాయిస్తూ ఆయన బృందంలో చేరాక ఆ సంగీతానికి ఆ వేగం వచ్చింది. మాండలిన్, ఫిడేలు, బాంజో, గిటారు, బేస్, అంతే. డ్రమ్స్ ఉండవు. నాక్స్‌విల్‌లో ఒక పార్కులో కుర్రాళ్ళు వాయిస్తుంటే విన్నాను. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ముందుకొచ్చి వాయించి వెనక్కి తగ్గుతున్నారు, మన కోలాటంలో లాగ.

డాలీకి యాభై దాటాక కంట్రీ రేడియోలు ఆవిడ కొత్త పాటలు వెయ్యడం మానేశాయి. అప్పుడు ఆవిడ వెనక్కి, అమ్మ పాడిన సంగీతంలోకి వెళ్ళింది. 1999లో "ద గ్రాస్ ఈజ్ బ్లూ" అనే బ్లూగ్రాస్ ఆల్బమ్ తెచ్చింది, దానికి గ్రామీ అనే పెద్ద సంగీత పురస్కారం వచ్చింది. అందులో పాత జానపదమూ ఉంది, తను రాసినవీ ఉన్నాయి. నాకు ఆవిడ పాటల్లో అదే అన్నిటికన్నా ఇష్టం. మెరుపులు, హంగులు ఏమీ లేకుండా గొంతు, తీగలు. పేదదానిలా పాడాలంటే ముందు డబ్బున్నదాన్ని కావలసి వచ్చిందని ఆవిడే అంది. రావులపాలెం అబ్బాయి అన్నమాటలో ఉన్న నిజం అదే. హక్కులు తన దగ్గరున్నాయి కాబట్టి, ఎవరూ అడగని సంగీతం చెయ్యడానికి ఆవిడకి స్తోమత వచ్చింది.

ఇంకొకటి. చదువు రాని తండ్రి కోసం 1995లో పిల్లలకి నెలకో పుస్తకం ఉచితంగా పంపే కార్యక్రమం సొంత జిల్లాలో మొదలుపెట్టింది. ఇప్పటికి ఇరవై కోట్ల పుస్తకాలు దాటాయి. లెక్కల టీచర్ని కదా, ఆ సంఖ్య చదివి కూచుని భాగహారాలు చేశాను.

రావులపాలెం మార్కెట్:

టీచరమ్మా, మీ నాన్నగారి సంగతి చదివాక నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. తమ్ముడూ, నాన్నగారి వైద్యానికి అడ్డం పడితే నాకు మెసేజ్ పెట్టు. మొహమాటపడకు.

ముక్తేశ్వరం రేవు:

సోమవారం అయిపోయిందండి. చెల్లే ఫోన్లో మాట్లాడింది. నేను పక్కన కూచున్నాను, నా చేతులు చల్లబడ్డాయి గానీ తను తడబడలేదు. శాశ్వతం అన్నమాట తీసెయ్యమంటే వాళ్ళు మొదట ఫోను పెట్టేశారు. సాయంత్రం మళ్ళీ చేశారు. ఒక్క పాటకి మూడేళ్ళు, 12,000, పేరు పాట మొదట్లోనే వెయ్యాలి, రాయల్టీ వాటా చట్ట ప్రకారం. మిగతా రెండు పాటలు ఇవ్వలేదు. ఊడ్పుల పాట అసలు ఇవ్వనంది. కాగితాలు వకీలు గారికి చూపించాకే సంతకం పెట్టింది. నాన్నకి స్కానింగు గురువారం.

టీచరు గారూ, చెల్లి మిమ్మల్ని ఒకటి అడగమంది. మీ నాన్నగారి భజన పాటలు మీకేమైనా గుర్తున్నాయా అని. గుర్తుంటే ఫోన్లో పాడి పంపిస్తారా అండి? మీ నాన్నగారి పేరు వేసే పాడుతుందట.

నరసాపురం కాలువగట్టు:

నాలుగు పాటల పల్లవులు గుర్తున్నాయి. ఒకటి మాత్రం చరణాలతో సహా పూర్తిగా వచ్చు, అంతర్వేదిలో విన్నది. మిగతావి పాలకొల్లులో మా అన్నయ్యని అడగాలి, ఆయనకి ఎనభై దాటాయి, ఉదయం పూట అయితే బాగా గుర్తుంటాయి. ఆదివారం వెళ్తాను. నా గొంతు ఇప్పుడు బాగుండదు, బాణీ వరకు చూసుకోమను తల్లిని.